చూవామ్ అంటే మేము కాదు

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కటే, మా కింద ఇంటి మార్తా చనిపోతుందని, అది నా వల్లేనని. మిగతా భయాలు దీని ముందు ఏపాటివి. పదకొండు దాటి నాలుగు నిమిషాలు. నర్సు ఇప్పుడే ఫోన్ పెట్టేసింది. పన్నెండింటికి మార్తాకి గొంతులో గొట్టం వేస్తారట, వేశాక ఇక మాట్లాడలేదట, అందుకని వేసే ముందు మళ్ళీ ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెడతానంది, ఏదైనా మాట్లాడమంది. ఇంగ్లీషులో కాదు. రెండు రోజులుగా మార్తాకి ఇంగ్లీషు రావడం లేదట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఐర్లాండులో బస్సుల్లో, దుకాణాల్లో, ఆఫీసు కిటికీల ముందు మాట్లాడిన ఇంగ్లీషు మొత్తం జ్వరంలో పోయింది, అడుగున వాళ్ళ భాష ఒక్కటే మిగిలింది. నిన్న ఫోన్లో దుబాసీని పెట్టారట, ముక్కూ మొహం తెలీని గొంతుకి ఆమె పలకలేదట. ఆమె ఫోన్ వెతికితే అన్నిటికన్నా ఎక్కువసార్లు మాట్లాడిన నంబరు "హాసిని మామా" అని ఉంది. మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ. అంటే నేను. మీకు ఆమె భాష వచ్చా అని నర్సు అడిగితే వచ్చు అనేశా. నాకొచ్చింది ఒక్క క్రియ. అదీ ఏడు నెలలు తప్పుగా వచ్చిన క్రియ.

హాట్ ప్రెస్ తలుపుకి వీపు ఆనించి కూచున్నా. వేడినీళ్ళ ట్యాంకు పెట్టిన అర అది, తువ్వాళ్ళు ఆరేది దాంట్లోనే, ఈ టాలట్ ఫ్లాటులో వెచ్చగా ఉండేదీ ఎవరూ పిలవనిదీ ఈ మూడడుగుల నేలే. అవతల పడగ్గదిలో బావ మీటింగులో ఉన్నాడు. బావంటే మా ఆయనే, మా మేనత్త కొడుకు, పద్మనాభం, వాళ్ళ తాత పేరు. లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో ఆ పేరుకి నోరు తిరక్క ప్యాడీ అంటారు, ఇక్కడి వాళ్ళకి అది సొంత ఊరి పేరు లాంటిది, పిలిచినప్పుడల్లా నవ్వుతారు, బావ కూడా అక్కడ నవ్వుతాడు, ఇంటికొచ్చాక నవ్వడు. పోయిన మార్చి నించి ఆఫీసు పడగ్గదిలోకి వచ్చేసింది. నేనూ, నాలుగేళ్ళ హాసినీ, కుక్కరూ అందరం తలుపుకి ఇవతల. కుక్కరు కూతేస్తే పక్కగదిలోంచి నా ఫోనుకి మెసేజ్ వస్తుంది, "సౌండ్" అని ఒక్క ముక్క. ఇప్పుడు హాసిని ముందుగదిలో నేల మీద పడుకుని ఏదో బొమ్మ గీస్తోంది, రంగుపెన్సిలు కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. గడియారం చప్పుడు కూడా. ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు దాన్ని.

ఆ క్రియని నాకు మార్తా వాకిట్లో నేర్పింది. ముసలివాళ్ళ హోములో బట్టలుతికే పని నాది, లాక్‌డౌన్ అయినా దుప్పట్లు మాసిపోక మానవు, మా వీధి చివర క్రెష్ మూసి మళ్ళీ తెరవలేదు, బావ మీటింగుల్లో పిల్ల ఉండకూడదు. కింద అంతస్తులో ఉండే మార్తా చెత్తడబ్బాల దగ్గర నా ఏడుపు మొహం చూసి, పిల్లని నాకివ్వు అంది. అరవై మూడేళ్ళుంటాయి, పొడుగు మనిషి. అప్పట్లో వాళ్ళ దేశంలో యుద్ధమైతే శరణు కోరి వచ్చినవాళ్ళలో ఒకతె. నీది ఏ భాష అని అడిగితే పేరు చెప్పేది కాదు, "మాది" అనేది, మా భాష. ఒకప్పుడు ఒక దేశం, ఒక భాష, ఇప్పుడు దేశాలన్నీ విడిపోయి ఒక్కో చోట ఒక్కో పేరు పెట్టుకున్నాయట ఆ భాషకే. మనం రెండయితేనే అంత గొడవైంది, వీళ్ళు ఆరేడయ్యారంటే ఇంకెంత కొట్టుకున్నారో అన్నాడు బావ. మొదటి రోజు హాసిని నా చున్నీ వదలకుండా ఏడుస్తుంటే మార్తా గుమ్మంలో మోకాళ్ళ మీద కూచుని, మాస్కు మీద కళ్ళతోనే నవ్వి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "చూవామ్, చూవామ్" అంది.

నా చెవికి అది తెలుగైపోయింది. ఎందుకవదు? చూ అంటే చూడటమే. చూశాం, తిన్నాం, వచ్చాం, పడ్డాం, ఆం అని ముగిసిందంటే మేం అనేగా. మేం చూసుకుంటాం అంటోంది. అంతకన్నా ఏ తల్లికి ఏం కావాలి. నేను చూసుకుంటా అన్నదానికన్నా మేం చూసుకుంటాం అన్నదాంట్లో ఒక ఇల్లుంటుంది, ఒక మగ గొంతుంటుంది, ఒకరు స్నానానికి పోతే పిల్లని కనిపెట్టే ఇంకొకరుంటారు. పైగా ఆ వాకిట్లో ఎప్పుడూ ఒక జత పెద్ద బూట్లుండేవి, మగవాళ్ళవి, మడమల దగ్గర ఎండిన బురద. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు కాబోలు అనుకున్నా. ఆయనకి మనసులో మీసాలు కూడా పెట్టా. ఏడు నెలలు రోజూ పొద్దున పిల్లనిచ్చి, సాయంత్రం తీసుకుని, గుమ్మం దాటి లోపలికి పోలేదు, ఆ రోజుల్లో ఎవరు ఎవరింట్లోకి పోయారు గనక. వంకాయ పులుసు చేస్తే ఇద్దరికి సరిపడా డబ్బాలో పెట్టి గుమ్మంలో ఉంచేదాన్ని. డబ్బా కడిగి తిరిగొచ్చేది. ఇద్దరికి సరిపోయిందా అంటే చాలా ఎక్కువ, చాలా ఎక్కువ అని నవ్వేది. మర్యాదకి అంటోందనుకున్నా.

పదకొండు పద్దెనిమిది. ప్రభావతి టీచరు గుర్తొస్తోంది, ఇప్పుడెందుకో. ఒంగోల్లో తొమ్మిదో తరగతి, నేను బడికి పోయిన ఆఖరి వారం. మా అమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకి పోయేది, తమ్ముడు పుట్టి మూడు నెలలు, వాణ్ణి చూసుకోడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. ఎవరూ మానెయ్యమనలేదు, ఒకరోజు పుస్తకాల సంచీ ఉన్న మేకుకి ఉయ్యాల తాడు తగిలించారు, అంతే. ఆ వారం టీచరు క్రియలు చెప్తోంది. నేను చూస్తాను, మేము చూస్తాము, నువ్వు చూస్తావు, మీరు చూస్తారు. వాడు చూశాడు. ఆమె చూసింది. ఆవు చూసింది. నేను చెయ్యెత్తి, టీచర్, ఆడవాళ్ళకీ ఆవుకీ ఒకటేనా అని అడిగా. క్లాసంతా నవ్వారు. టీచరు నవ్వకుండా చెప్పింది, ఒక్కతే ఉంటే ఆవుతో చేరుస్తారమ్మా, నలుగురుంటే మనుషుల్లో చేరుస్తారు, ఆవులు వచ్చాయి అంటాం, ఆడవాళ్ళు వచ్చారు అంటాం కదా. అది వ్యాకరణం, ఎవరి తప్పూ కాదు అంది. మిగతా పట్టిక ఆ తర్వాతి వారం చెప్పి ఉంటుంది. నేను ఉయ్యాల ఊపుతున్నా. తమ్ముడు ఇంజనీరింగు చదివాడు. వాణ్ణి చూసుకున్నందుకు నాకేం కావాలని కాదు, బావ ఈ దేశంలో తన స్నేహితుల ముందు "తను పెద్దగా చదువుకోలేదు" అని నవ్వుతూ అన్నప్పుడల్లా ఆ మేకు కనిపిస్తుంది.

కొత్త సంవత్సరం వచ్చిన రెండో రోజు నా గొంతులో గరగర మొదలైంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా. తర్వాత అందరికీ చలికనుకున్నా అని చెప్పా. చలి కాదని అప్పుడే నాకు తెలుసు. హోములో ఆ వారమే ఆరుగురు పడ్డారు, వాళ్ళ దుప్పట్లు నేనే మెషిన్లో వేశా. మనుషుల్లేరు, ఎలాగైనా రా అని సూపర్‌వైజరు ఫోన్ చేసింది, నాలుగో తారీఖు పొద్దున హాసినికి కోటు తొడిగి, రెండు మాస్కులు పెట్టుకుని, మార్తా గుమ్మంలో పిల్లనిచ్చి వచ్చా. మార్తా నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. వెనక్కి జరగాల్సింది. ఎన్నాళ్ళయిందో ఎవరైనా నా నుదుటి మీద చెయ్యి పెట్టి. జరగలేదు. ఆరో తారీఖుకి మా ముగ్గురికీ పాజిటివ్ వచ్చింది, ఎనిమిదికి మార్తా దగ్గుతోంది.

రోజూ ఫోన్ చేశా. అది నిజం. ఎలా ఉన్నావంటే, "గ్రాండ్, గ్రాండ్, చూవామ్ సే" అనేది. గ్రాండ్ అంటే ఇక్కడ బాగున్నానని. సే అంటే ఏంటో, ఆమె దగ్గరుండి ఆ భాష వంటబట్టిన హాసిని దగ్గర పట్టుకున్నా, తనకి తాను అని. మనకి చూడటం పక్కన కొను చేరితే చూసుకోవడం అయినట్టే. అంటే మమ్మల్ని మేం చూసుకుంటున్నాం అంటోంది. ఇద్దరూ ఒకరికొకరు. నాకు ఎంత హాయిగా అనిపించిందో. మిరియాల చారు కాచి కింద గుమ్మంలో పెట్టొస్తానంటే, ఐసొలేషన్‌లో ఉండి తలుపు తీస్తావా, ఎవరైనా చూస్తే గొడవ, వాళ్ళాయన ఉన్నాడుగా అన్నాడు బావ. అవును, వాళ్ళాయన ఉన్నాడుగా అన్నా నేను కూడా. ఐదు రోజులు అలా. లేని మనిషికి మీసాలు పెట్టి, ఆ మనిషి చేతికి మార్తాని అప్పజెప్పి, నేను దుప్పటి కప్పుకుని పడుకున్నా. ఆరో రోజు ఆమె ఫోన్ తియ్యలేదు. ఏడో రోజు కూడా తియ్యకపోతే గార్డులకి ఫోన్ చేశా. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు, కాపలావాళ్ళన్నమాట. వాళ్ళు తాళం తీయించి లోపలికి పోయారు. వంటగది నేల మీద ఉందట, స్పృహ ఉందట, అంబులెన్సు వస్తోందట. ఆయనో, ఆయనకెలా ఉంది అని అడిగా. ఎవరాయన అన్నాడు గార్డు. వాళ్ళాయన అన్నా. "ఇక్కడ ఇంకెవరూ లేరమ్మా. ఒక మంచం, ఒక కప్పు" అన్నాడు.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడి ఉంటే హాసిని పక్కన నిలబడి వింటోంది. మార్తా ఇంట్లో అంకుల్ లేడా అని అడిగా. "దేరిజ్ నో అంకుల్, మమ్మీ. ఇట్స్ జస్ట్ బూట్స్" అంది, అంత మామూలుగా. దొంగలు రాకుండా పెట్టిందట, వాన పడ్డప్పుడు తనే తొడుక్కుని పోయి బురద చేసుకొచ్చేదట, అది వాళ్ళిద్దరి ఆటట. మరి నాకెందుకు చెప్పలేదే అన్నా. "యూ నెవర్ ఆస్క్‌డ్."

ఆ రోజు ఆ క్రియని ఫోన్లో వెతికా. పట్టిక వచ్చింది, ఆరు వరసలు. చూవామ్, నేను చూసుకుంటాను. చూవాష్, నువ్వు. చూవా, అతను, ఆమె, అది, ఏదైనా. చూవామో, మేము. చూవాతే, మీరు. చూవాయు, వాళ్ళు. ఒక్క ఓకారం. మేము అవ్వడానికి చివర ఒక్క ఓకారం కావాలి, ఆమె ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఓకారం అనలేదు, నేనే పక్కన తెలుగు పెట్టుకుని విన్నా. చూవామ్ సే. నన్ను నేను చూసుకుంటున్నా. దగ్గుతూ, నేల మీద, నన్ను నేను. దానికింద అర్థాలు రాశారు, కాపలా కాయు, గొర్రెలు కాయు, పిల్లల్ని చూసుకొను, దాచిపెట్టు, పోకుండా ఉంచు. మన కాయు లాంటిదే. తొమ్మిది రోజులుగా గిన్నెలు తోముతూ అవే ఆరు వరసలు చదువుకుంటున్నా, బడి మానేసిన ఇరవై రెండేళ్ళకి ఇంటి పని చేసినట్టు. ఇంకొకటుంది, ముందు స అని చేరిస్తే సచూవాతి, అంటే కాపాడెయ్యడం, పని పూర్తయింది, పిల్ల దక్కింది. ఆ స లేకపోతే కాస్తూనే ఉన్నట్టు, కాశానంటావు గాని దక్కిందో లేదో ఆ మాటలో లేదు. హాసిని పుట్టినప్పట్నించి నేను చేస్తున్నది ఆ స లేనిదే. మా అమ్మ చేసిందీ అదే. ఎవరికి దొరుకుతుందో ఆ స.

బావ టీ కోసం బయటికొచ్చాడు. పదకొండు నలభై. నేల మీద కూచున్నావేంటే అన్నాడు. మార్తాకి ఫోన్ చేస్తారట, మాట్లాడాలి అన్నా. మగ్గులో టీబ్యాగు ముంచుకుంటూ నిలబడ్డాడు. భయస్తుడు, చెడ్డవాడు కాదు, భయపడ్డవాళ్ళు ఎంతవరకు చెడ్డవాళ్ళవుతారో అంతవరకే.

"చూడు భానూ, పలకరించు, తప్పులేదు. నీ దగ్గర్నించి అంటుకుందని మాత్రం ఎవరితోనూ అనకు. దుకాణంలో వచ్చుంటుంది. బస్సులో వచ్చుంటుంది."

"ఆమె బస్సెక్కి ఏడాదైంది బావా."

"అంటే ఇప్పుడు మన వీసా కాయితాల్లోకి ఇదంతా ఎందుకు. మనం ఏమవుతాం ఆమెకి."

దీనికీ వీసాకీ ఏం సంబంధమని అడగలేదు, అతని భయాలన్నీ చివరికి ఆ కాయితాల దగ్గరికే పోతాయి. మన వీసా. మనం ఏమవుతాం. నీ దగ్గర్నించి. ఎంత చక్కగా వాడతాడో, ప్రభావతి టీచరు వినుంటే పదికి పది వేసేది. మనకి మేము వేరు, మనం వేరు. మేము అంటే నువ్వు కాక మేము. మార్తా భాషలో ఆ రెంటికీ ఒకటే మాట, చూవామో అంటే ఎదుటి మనిషి లోపలో బయటో ఎవరికి వాళ్ళు అనుకోవాలి. అతను మగ్గు తీసుకుని తలుపు మెల్లగా వేసుకున్నాడు, లోపల్నించి హాయ్ గైస్ అని ప్యాడీ గొంతు వినిపించింది.

ఏమనాలి. క్షమించమనే మాట కూడా వెతికి పెట్టుకున్నా, ఒప్రోస్తీ. గొంతులో గొట్టం దిగబోయే మనిషిని నన్ను క్షమించు అని అడిగితే అది ఎవరికోసం? నాకోసం. ఆమె తల ఊపితే నేను హాయిగా పడుకుంటా, ఇంకోసారి దుప్పటి కప్పుకుని. వద్దు. చూవామ్ తే, నేను నిన్ను చూసుకుంటున్నా అనాలా? నేనిక్కడ హాట్ ప్రెస్ దగ్గర, ఆమె అక్కడ, ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వడం లేదు, ఏం చూసుకుంటున్నా? చూవాయ్ సే, జాగ్రత్త, నిన్ను నువ్వు చూసుకో అనాలా? ఐదు రోజులు అదే చేయించా ఆమెతో. మిగిలింది ఒకటే వరస. మేము చూసుకుంటున్నాం నిన్ను. చూవామో తే. నిజం కాదు. అయినా ఆమెకి ఒక ఇల్లు వినిపించాలి, నాకు ఆ రోజు వినిపించినట్టు.

పన్నెండు కాకముందే మోగింది. నర్సు, "గో ఆన్, లవ్, షీ కెన్ హియర్ యూ" అంది. ముందు గాలి చప్పుడు, మాస్కులోకి పెద్ద గాలి తోస్తున్నట్టు, వెనక ఏదో మిషను. మార్తా అన్నా. నేను, హాసిని మామా అన్నా. నా గొంతు ఒంగోలు బడిలో లేచి నిలబడి పాఠం అప్పజెప్పే గొంతులా ఉంది.

"చూవామో తే, మార్తా. చూవామో తే."

గాలి. గాలి. తర్వాత చాలా దూరం నించి, పెదాలతోనే అన్నట్టు, మార్తా గొంతు.

"కో?"

అంతే. నర్సు ఫోన్ తీసుకుని, నువ్వు చాలా బాగా చేశావు, ఆమె కళ్ళు తెరిచింది, ఇక డాక్టర్లు వచ్చారు అని పెట్టేసింది. నేను హాట్ ప్రెస్ తలుపుకి తల ఆనించి ఏడ్చా, సంతోషంతో. కో అంది. చూసుకో, పడుకో, ఊరుకో. ఏ తల్లయినా చివర అనేది అదేగా, ఏదైనా ఒక మంచిమాట చివరి కో. నన్ను ఓదార్చింది అనుకున్నా. పది నిమిషాలు అలా అనుకున్నా, పది నిమిషాల పాటు ఈ ప్రపంచంలో నాకు భయం లేదు. హాసిని వచ్చి నా ఒళ్ళో కూచుని, మార్తా ఏమంది అని అడిగింది. కో అందమ్మా, చూసుకో అని అంది అన్నా. పిల్ల నా వంక జాలిగా చూసి, "నో, మమ్మీ. కో మీన్స్ హూ" అంది.

ఎవరు. మేము చూసుకుంటున్నాం అంటే, ఎవరు అని అడిగింది. చావు గుమ్మంలో కూడా ఆ ఒక్క ఓకారాన్ని పట్టుకుంది, ఏడు నెలలు నేను పట్టుకోలేనిదాన్ని. నేనొక్కతెని, బావ మీటింగులో ఉన్నాడు, పిల్లకి నాలుగేళ్ళు. ఆమె ఆ ప్రశ్న గొంతులో ఉండగానే గొట్టం వేసుంటారు. అది జరిగి ఇవాళ్టికి మూడో రోజు. అలాగే ఉంది అంటున్నారు ఫోన్లో, అంతకుమించి చెప్పరు, నేను చుట్టాన్ని కాదు. నన్ను లోపలికి రానివ్వరు. ఇది చదువుతున్న మన డాక్టర్లూ, మిమ్మల్ని రానిస్తారు. మన గుంటూరు వాళ్ళు, వరంగల్లు వాళ్ళు, కర్నూల్లో చదివినవాళ్ళు ఇక్కడి ఆసుపత్రుల్లో ఎంతమంది డాక్టర్లున్నారో నాకు తెలుసు, వారాంతాల్లో మీ ఇళ్ళలో పిల్లల పుట్టినరోజు జూముల్లో చూస్తుంటా మిమ్మల్ని. మా ఎర్ర లూవాస్ ట్రామ్ లైను మీద ఉన్న పెద్దాసుపత్రిలో మీకు డ్యూటీ ఉంటే, ఐసీయూలో ఉంటుంది, పొడుగు మనిషి, తెల్ల జుట్టు, పేరు మార్తా. దయచేసి ఒక్కసారి వెళ్ళి ఆమెను చూడండి. మన భాషలో మాట్లాడినా ఫరవాలేదు. ఎవరు అని అడిగింది కదా. మీ పేరు చెప్పండి.